సోఫా ఉన్న గది

సోమవారం పొద్దున్న వరహాలబాబు చేతిలో ఉన్నది ఇంత. చొక్కా లోపలి జేబులో ఎనభై వేల రూపాయల నగదు. కలప వర్తకుల సంఘం ద్వారా ఆరేళ్ళుగా తప్పకుండా కట్టుకొస్తున్న రెండు లక్షల మెడిక్లెయిము పాలసీ. "ఎక్కువైతే లక్ష నాది బావా" అని భార్య అన్నగారు దేముడుబాబు ఇచ్చిన మాట.

వీటన్నిటికీ ఎదురుగా ఉన్నది ఒక్కటే. సికింద్రాబాదులో ఓ ప్రైవేటు ఆసుపత్రి నాలుగో అంతస్తులో, డీలక్సు గదిలో పడుకున్న గవరమ్మ గుండె. దానికి రక్తం తెచ్చే నాళాలు మూడు పూడిపోయాయనీ, బుధవారం పొద్దున్నే బైపాసు చేసి తీరాలనీ, ఇంకో వారం ఆగితే ఆ గుండెకి తను పూచీ కాదనీ డాక్టరు శనివారమే చెప్పేశాడు.

ఆ శనివారం వేసుకున్న లెక్క తేలిగ్గానే తేలింది. డీలక్సు గదిలో ఉంటే అన్నీ కలిపి రెండు లక్షల అరవై వేలు. పాలసీ రెండు లక్షలూ పోను అరవై. చేతిలో ఎనభై. బావ లక్ష ముట్టుకోకుండానే ఇరవై వేలు మిగులు. బోయిగూడలో ముప్పై ఏళ్ళుగా కలప అడితి నడుపుతున్న మనిషి వేసిన లెక్క, తప్పు పోవడానికి వీల్లేదు.

అలాంటిది సోమవారం పొద్దున్న అడితి తెరిచీ తెరవకుండానే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇన్సూరెన్సు డెస్కు ఆవిడ. "సార్, మీరొకసారి రావాలి. పాలసీ విషయంలో చిన్న ఇబ్బంది ఉంది."

చిన్న ఇబ్బంది అన్న మాటంటే వరహాలబాబుకి పడదు. బల్లార్షా నుంచి టేకు తెచ్చిన లారీ డ్రైవరు 'చిన్న తేడా సార్' అన్నాడంటే సగం దుంగలు పుచ్చిపోయినట్టే.

ఇన్సూరెన్సు డెస్కు ఆవిడ పేరు ప్రేమమణి. లాలాగూడ నుంచి బస్సులో వస్తుంది. గట్టిగా మాట్లాడదు, తొందరపడదు. వరహాలబాబు కూర్చునేదాకా ఆగి మొదలుపెట్టింది.

"మీ పాలసీలో గది అద్దెకి ఒక హద్దు ఉంది సార్. రోజుకి రెండు వేలు."

"ఉండనీండమ్మా. మా గది నాలుగు వేలు. పై రెండు వేలూ నేను కట్టుకుంటాను. వారానికి పద్నాలుగు వేలు. అంతేగా?"

"అంతే అయితే మిమ్మల్ని ఇంత దూరం రప్పించేదాన్ని కాదు సార్. హద్దుకి రెట్టింపు గది తీసుకున్నారు కాబట్టి, వాళ్ళు మీ బిల్లులో సగమే ఇస్తారు."

"గది బిల్లులో సగం."

"మొత్తం బిల్లులో సగం."

వరహాలబాబు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మొత్తం అంటే?"

"థియేటరు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, పరీక్షలు, దాదాపు అన్నీ. మా దగ్గర రేట్లన్నీ గదిని బట్టి ఉంటాయి. గది పెద్దదైతే సర్జన్ ఫీజు కూడా పెద్దదవుతుంది. ఆ సంగతి ఇన్సూరెన్సు వాళ్ళకీ తెలుసు. అందుకని మీకు హక్కున్న గదికి ఎంతవుతుందో ఆ వంతే ఇస్తామంటారు."

"డాక్టరు ఒకడేనా?"

"ఒకరే."

"కత్తి?"

ప్రేమమణికి నవ్వొచ్చింది. "అదే కత్తి సార్. అదే బల్ల."

"మరి మనిషి నాలుగో అంతస్తులో పడుకుంటే, కింద కోసే కత్తికి రేటు ఎందుకు పెరిగిందమ్మా?"

"నేనీ కుర్చీలో చేరినప్పట్నుంచీ అడుగుతున్నాను సార్. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

ఆవిడకి తెలియకపోవచ్చు గానీ వరహాలబాబుకి జవాబు తెలుసు. తన అడితిలో అదే టేకు దూలం నడిచొచ్చిన మేస్త్రీకి ఒక రేటు, స్కూటరు మీద వచ్చినవాడికి ఒక రేటు, కారు దిగినవాడికి ఒక రేటు. కొనేవాడు గేటు దగ్గర ఆగకముందే వరహాలబాబు కన్ను బండి మీద పడుతుంది. ఇక్కడ తనే కారు దిగినట్టు డీలక్సు గది అడిగాడు. ఆసుపత్రి కన్ను తన మీద పడింది. ఈ మాట మాత్రం అతను పైకి అనలేదు.

మనసులో లెక్క తిరగేశాడు. రెండు లక్షల అరవైలో సగం లక్షా ముప్పై. పాలసీ ఇచ్చేది అంతే. మిగిలిన లక్షా ముప్పై తనది. చేతిలో ఎనభై. యాభై వేలు తక్కువ.

"ఈ తేడా ఎప్పటికి కట్టాలి?"

"ఇవాళ సాయంత్రం ఐదు లోపల. కట్టకపోతే బుధవారం థియేటరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాతి తేదీ వచ్చే వారం."

వచ్చే వారం అన్న మాట వరహాలబాబు చెవిలో డాక్టరు గొంతుతో వినిపించింది. బోయిగూడ బజారులో యాభై వేలు పుట్టకపోవు. ఎవరి గల్లాపెట్టె ముందు నిలబడ్డా ఇస్తారు. ఇచ్చిన సంగతి పొద్దు గూకేలోగా బజారంతా తెలుస్తుంది. తెలిస్తే, రేపట్నుంచి సరుకు ఉద్దెరకి దింపేవాడు లారీ గేటు బయటే ఆపి ముందు డబ్బు చూపించమంటాడు. తన డబ్బంతా బిల్డర్ల దగ్గర ఉద్దెరలో నిలిచిపోయి ఉన్న ఈ నెలలో అలా జరిగిందా, అడితికి తాళమే. కలప వ్యాపారంలో మనిషి పేరే పెట్టుబడి. యాభై వేల కోసం దాన్ని అమ్ముకోలేడు. భార్యని వారం రోజులు ఆపనూ లేడు.

"గది మార్చేస్తే?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు ప్రేమమణి కంప్యూటరు వైపు తిరిగింది. "ఆపరేషనుకి ముందే మారితే కొత్త అంచనా పంపొచ్చు. రెండో అంతస్తులో ఇద్దరుండే గది ఉంది, సరిగ్గా రెండు వేలు. మొత్తం లక్షా అరవై అవుతుంది. వాళ్ళివ్వని చిన్నా చితకా పోను దాదాపు అంతా పాలసీలోనే వస్తుంది. కానీ ఒక్క మంచమే ఖాళీ. సాయంత్రం దాకా ఉంటుందని చెప్పలేను. ఆపరేషనయ్యాక మారితే లాభం లేదు సార్, పెద్ద గది రేటే పడుతుంది."

"ఇదంతా శనివారమే చెప్పొచ్చు కదమ్మా?"

"మీరొచ్చేసరికి ఈ డెస్కు మూసేశారు. అడ్మిషను దగ్గర ఏ గది కావాలని అడుగుతారు, ఏ పాలసీ ఉందని అడగరు."

నిజమే. అడిగారు. తను నోరు తెరిచేలోగా దేముడుబాబు చెప్పేశాడు. "డీలక్సు. సోఫా ఉండాల. మనోళ్ళు సూడ్డానికొస్తే ఎక్కడ కూకుంటారు బావా?" తను కూడా ఇరవై వేలు మిగులు చూసుకుని ఊరుకున్నాడు.

మెట్ల దగ్గర జంగయ్య ఎదురయ్యాడు. అడితిలో దుంగలు దింపే హమాలీ. చేతిలో రెండు కొబ్బరిబోండాలు.

"అమ్మకెట్లుంది సేటూ?"

"గుండె సంగతి డాక్టరు చూస్తన్నాడు. గది సంగతే తెగట్లేదు." విషయం నాలుగు ముక్కల్లో చెప్పాడు.

జంగయ్య నోరు తెరిచాడు. "గిదేంది సేటూ! నాకు పోయినేడు గిదే ఆపరేషన్ గాలేదా? తెల్లకార్డు జూపిచ్చిన, ఆరోగ్యశ్రీల రాసుకున్నరు. రూపాయి సుత కాలే. ఇంటికి పొయ్యేటప్పుడు బస్సు కిరాయి సుత వాళ్ళే చేతుల వెట్టిన్రు."

"నీ గదిలో సోఫా ఉందేట్రా?"

"సోఫానా? మా ఆడామె మంచం కింద చాప ఏసుకొని పండింది. గంతే." బోండాలు చంకలోకి మార్చుకుని, జాలిగా చూశాడు. "మీది గులాబీ కార్డాయె. తక్లీఫంతా మీ అసుంటోళ్ళకే సేటూ."

హమాలీ జాలిపడితే వరహాలబాబుకి నవ్వొచ్చింది. పైన బావకి కంపెనీ ఇచ్చిన వైద్యం కార్డు, కింద జంగయ్యకి సర్కారు కార్డు. మధ్య మెట్టు మీద తను.

నాలుగో అంతస్తు గదిలోంచి నవ్వులు వరండాలోకి వినిపిస్తున్నాయి. తలుపు తీసేసరికి బొబ్బిలి నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ చుట్టాల్లో సగం మంది అక్కడే ఉన్నారు. సోఫా నిండా మనుషులు, సోఫా చేతుల మీద మనుషులు. నడుమ వీరరాఘవమ్మ పిన్ని కాళ్ళు ముడుచుక్కూర్చుని క్యారియరు విప్పుతోంది. గదంతా చేపల పులుసు వాసన.

"మా ఆడబిడ్డకీ ఇదే ఆపరేషను," అంటోందావిడ. "గట్టి మనిషి. బల్ల ఎక్కిందాకా మాటాడతానే ఉంది. మరి దిగలేదు."

మంచం మీద గవరమ్మ పైట సర్దుకుని నిటారుగా కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది. అయినా "టీ తెప్పించమన్నావా పిన్నీ?" అని అడుగుతోంది.

"డాక్టరొస్తన్నాడు. అందరూ కిందకి ఎల్లండి," అన్నాడు వరహాలబాబు. అది అబద్ధం. కానీ గది ఖాళీ అయింది. క్యారియరు మాత్రం సోఫా మీద ఉండిపోయింది. కిటికీ దగ్గర నిలబడ్డ దేముడుబాబు ఒక్కడూ కదల్లేదు. ఏ.ఎస్. రావు నగర్లో సొంతిల్లు, ఆ దగ్గర్లోనే పెద్ద ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగం. ఇస్త్రీ నలగని చొక్కా. చుట్టాల్లో ఎవరింట్లో ఏం జరిగినా ముందు అతన్ని అడిగే చేస్తారు.

"బావా, గది మార్చేస్తన్నాను," అన్నాడు వరహాలబాబు. "రెండో అంతస్తు. ఇద్దరుండే గది."

"ఏటీ?" దేముడుబాబు గొంతు పెరిగింది. "తెర కట్టిన గదిలోనా? పక్కన ముక్కూ మొగం తెలీని మనిసిని పెట్టుకునా? నా చెల్లెలేటి, ధర్మాసుపత్రికొచ్చిందా?"

"ఈ గదిలో ఉంటే పాలసీ సగమే ఇస్తదంట. లక్షా ముప్పై మన చేతిది పడతది. నీకు తెలీదు బావా, నీకు కార్డు చూపిస్తే అన్నీ జరిగిపోతాయి. నాకలగ జరగవు."

"డబ్బు కోసం గవర పరువు తీస్తావా? రేపు మనోళ్ళొచ్చి 'ఏటి బాబూ, గది దిగిపోయారేటి' అంటే ఏ మొగం పెట్టుకుని సెప్పను? నానున్నాను కదా! లక్ష నాదన్నానా, లేదా?"

"అన్నావు."

"మరేటి?"

"ఇయ్యి." వరహాలబాబు చెయ్యి చాపాడు. "ఇప్పుడే ఇయ్యి. సాయంత్రం దాకే టైముంది. ఇచ్చావంటే గది ఊసెత్తను."

చాపిన చెయ్యి అలాగే ఉంది. దేముడుబాబు దాన్ని చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు.

"మా కంపెనీ ఉద్యోగుల సొసైటీలో లోను పెట్టినాను. ఈ వారంలోన..."

"బుధవారం ఆపరేషను. ఈ వారమంటే ఏ రోజు?"

"వాళ్ళ మీటింగవ్వాల కదా."

"మీ సొసైటీ సెక్రటరీ పర్వతాలు నా దగ్గరే తలుపులు చేయించుకున్నాడు. మంచోడు. ఒక్క మాట చెప్తే మీటింగు లేకండా ఇస్తాడు." వరహాలబాబు సెల్‌ఫోను తీసి నంబరు వెతకసాగాడు.

"వద్దు బావా."

"నీకు మొహమాటమైతే నేనడుగుతాను."

"వద్దన్నానా!" దేముడుబాబు అతని మణికట్టు పట్టుకున్నాడు. "పర్వతాలుకి ఫోను సెయ్యకు. సొసైటీలోన నా లోను లేదు. నన్ను పన్లోంచి ఆపీసినారు. మూడు నెల్లయింది. వైద్యం కార్డు కూడా లాక్కున్నారు."

ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ నలగని ఆ చొక్కా వెనక మనిషి కుంగిపోయి ఉన్నాడని వరహాలబాబుకి అప్పుడు కనిపించింది. వట్టి చేతులతో లక్ష ఇస్తానన్నాడు. వట్టి చేతులతో డీలక్సు గది అడిగాడు. వర్తకంలో ఇలాంటివాళ్ళని వరహాలబాబు గేటు లోపలికి రానివ్వడు. ఇతన్ని ఎటు పంపగలడు?

"దేనికి ఆపేశారు?"

దేముడుబాబు చెల్లెలి వైపు చూశాడు. "ఇప్పుడు కాదు. దాని గుండె బాగవనీ. అప్పుడు సెప్తాను."

గవరమ్మ మెల్లగా దిండుకి ఆనుకుంది.

"ఇలగ రా అన్నియ్యా," అంది. దేముడుబాబు వచ్చి మంచం అంచు మీద కూర్చున్నాడు. "మూడు నెలల్నించి ఒక్కడివే దిగమింగుకుంటన్నావా? వదినకి తెల్సా?"

"తెలీదు."

"సాల్లే. ఆ సంగతి నేను లేచాక సూద్దాం." భర్త వైపు తిరిగింది. "శనివారం నించి మీ ఇద్దరూ గది గది అని కొట్టుకుంటన్నారు. నాకే గది కావాలో ఒక్కరైనా అడిగారా?"

ఆవిడ సోఫా వైపు వేలు చూపించింది.

"ఆ సోఫా మీద ఒక మనిసి కూకుంటే నేను లేచి కూకోవాల. ఆ మనిసి లేచేలోగా ఇంకొకరు. ఆళ్ళ ఆడబిడ్డ బల్ల మీద సచ్చిపోయిన కత నవ్వుతా వినాల. రాత్రి తాళాలేసే మనిసొచ్చి ఆళ్ళని లేపేదాకా నడుం వాల్చడానికి లేదు. గుండె కోస్తారంటే నాకు బయం లేదు. బుదవారం దాకా ఈ సోఫాకి మర్యాదలు సెయ్యాలంటేనే బయమేసింది. నన్ను కిందకి తీసికెళ్ళిపొండి."

వరహాలబాబు పక్కున నవ్వాడు. దేముడుబాబుకీ నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూనే. చివరికి చక్రాల కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళింది అతనే. లిఫ్టులో ఎదురైన వీరరాఘవమ్మ పిన్ని "ఏటి బాబూ, గది దిగిపోయారేటి?" అననే అంది.

"అక్కడ సోఫా మెత్తగా లేదు పిన్నీ," అన్నాడు దేముడుబాబు.

కింద గదిలో రెండో మంచం మీద మేబెల్ అనే రిటైరైన టీచరు ఉంది. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుని రెండ్రోజులయిందట. గవరమ్మని చూడగానే తెర పక్కకి జరిపించింది. "రండి రండి. ఫ్యాను మీ వైపు తిప్పిస్తాను. నాకు చలి." కాసేపటికి క్యారియరుతో వీరరాఘవమ్మ పిన్ని దిగబడేసరికి, ఆ మంచం మీదనుంచి ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టిన గొంతు ఒకటి లేచింది. "ఎవరమ్మా మీరు? లోపలికి ఒక్కరే రావాలి. చేతులు కడుక్కున్నారా? అదేమిటి, చేపలా? గుండె పేషెంటుకి చేపల పులుసా?" పిన్ని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. మూడు రోజుల తర్వాత గవరమ్మ మొదటిసారి నిద్రపోయింది.

డెస్కు దగ్గర మాత్రం పని తెమల్లేదు. కొత్త అంచనా వెళ్ళింది. ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది.

"గది ఎందుకు మారారో కారణం అడుగుతున్నారు సార్."

"ఉన్నది చెప్పండమ్మా. చుట్టాలెక్కువ, రోగికి నిద్ర లేదు."

ప్రేమమణి ఒక క్షణం ఆలోచించి, 'విశ్రాంతి కోసం, రోగి స్వయంగా కోరినందున' అని టైపు చేసి పంపింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ కంప్యూటరు వైపే చూస్తూ కూర్చున్నారు. మూడు దాటింది. నాలుగు దాటింది. వరహాలబాబు జేబులోని ఎనభై వేలూ చొక్కా పైనుంచే తడుముకుంటూ, ఏ గల్లాపెట్టె ముందు నిలబడాలా అని బజారులో మనుషుల్ని ఒక్కొక్కరినే కొట్టేస్తూ వస్తున్నాడు. అప్పుడు ప్రేమమణి కుర్చీలో వెనక్కి వాలింది.

"వచ్చింది సార్. లక్షా యాభై. మిగిలిన పది వేలూ, పై గదిలో ఉన్న రెండు రోజుల తేడా నాలుగు వేలూ, మీరు కడితే చాలు. బుధవారం థియేటరు మీదే."

"ఉండమ్మా," అన్నాడు వరహాలబాబు. జేబులోంచి నోట్ల కట్ట తీసి పద్నాలుగు వేలూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆవిడ మంచినీళ్ళ సీసా అతని వైపు జరిపింది.

"మీరిందాక గది మారిస్తే అని అడిగారు చూడండి," అంది. "చాలామంది అడగరు సార్. పెద్ద గదిలోంచి చిన్న గదికి మారడం నామోషీ అనుకుని అప్పు తెస్తారు."

బుధవారం ఆపరేషను మధ్యాహ్నానికి పూర్తయింది. పచ్చటి టోపీ తీస్తూ బయటికొచ్చిన డాక్టరు, "బాగా జరిగింది. గుండె మళ్ళీ తనంతట తను కొట్టుకుంటోంది," అన్నాడు. వరహాలబాబు క్యాంటీనుకి వెళ్ళి, ధర అడక్కుండా రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాడు. అతను ధర అడక్కుండా కొన్న వస్తువు ఈ మధ్య కాలంలో అదొక్కటే.

శుక్రవారం గవరమ్మ మళ్ళీ మేబెల్ టీచరు పక్క మంచం మీదికి వచ్చింది. ఇద్దరూ కలిసి దేవుడికి చెప్పుకోవలసినవి చెప్పుకున్నారు. టీచరు ప్రార్థన చేస్తుంటే గవరమ్మ చేతులు జోడించింది. గవరమ్మ పైడితల్లికి మొక్కుతుంటే టీచరు "ఆమెన్" అంది.

బయట వరండా బెంచీ మీద వరహాలబాబు కూర్చుని లెక్క ముగిస్తున్నాడు. కట్టింది పద్నాలుగు వేలు. చేతిలో ఇంకా అరవై ఆరు. బజారులో ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. పేరు చెడలేదు. గవర ఉంది. బావ నోట నిజం వచ్చింది, సగమే అయినా.

దేముడుబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇవాళ చొక్కా ఇస్త్రీ లేదు.

"మిగతా సగం సెప్పమంటావా?" అన్నాడు.

"చెప్పు."

"నాలుగేళ్ళ కిందట మీ అమ్మ తుంటి విరిగింది, గురుతుందా? నువ్వు బల్లార్షాలో వేలంపాటకెళ్ళావు."

ఎందుకు గుర్తులేదు? తిరిగొచ్చేసరికి అమ్మకి ఆపరేషను కూడా అయిపోయింది. వయసు ఎక్కువని తన పాలసీలో ఆమెని చేర్చుకోలేదు, ఎంత ఖర్చయిందో అని వణికిపోయాడు. 'డాక్టరు మనవాడు బావా, ఫీజు నామకః తీసుకున్నాడు' అన్నాడు దేముడుబాబు. రుణం ఉంచుకోవడం ఇష్టం లేక అతనింటికి రెండు టేకు తలుపులు పంపి, ఆ ఖాతా అప్పుడే మూసేశాడు వరహాలబాబు.

"డాక్టరు మనోడు కాదు," అన్నాడు దేముడుబాబు. "కంపెనీ కార్డు మీద చేర్పించినాను. కార్డులో మా అమ్మ పేరు ఉండిపోయింది, అప్పలకొండమ్మని. పోయి అప్పటికే రెండేళ్ళు. కంపెనీకి సెప్పలేదు. ఆ పేరు మీద మీ అమ్మకి కొత్త తుంటి వేయించినాను. మీ అమ్మకీ తెలుసు. ఆ పేరుతో పిలిస్తే పలికింది. ఇప్పుడు పాత బిల్లులు తీసి సూస్తన్నారు. సోమవారం విచారణ. 'మీ అమ్మగారిని వెంటబెట్టుకుని రా' అన్నారు."

వరండా చివర మెట్ల దగ్గర అలికిడయింది. వరహాలబాబు తల్లి సన్యాసమ్మ, కోడలికి పథ్యం క్యారియరు పట్టుకుని, రెయిలింగు ముట్టుకోకుండా ఒక్కో మెట్టూ ఎక్కి వస్తోంది. లిఫ్టంటే ఆవిడకి నమ్మకం లేదు.

"ఎవర్ని తీసికెళ్ళను బావా?" అన్నాడు దేముడుబాబు. "మీ అమ్మనే మా అమ్మనమంటావా, నిజం ఒప్పీసుకోమంటావా? నువ్వు ఎలగ సెప్పమంటే అలగ సెప్తాను."

వరహాలబాబు తేల్చుకున్న లెక్కంతా కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఈ వారం దక్కింది గవర ప్రాణం, అరవై ఆరు వేలు, బజారులో పేరు. నాలుగేళ్ళ కిందటే దక్కి, ఇన్నాళ్ళూ రెండు తలుపులకే చెల్లిపోయిందనుకున్నది, ఎదురుగా మెట్లెక్కి వస్తున్న అమ్మ నడక. దాని అసలు వెల బావ ఉద్యోగం. అది కట్టవలసిన గడువు సోమవారం.